ఏడాదికో ఫ్లెక్సీ మార్చుకునే షాపుకి నిలిచే బోర్డు ఏది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, సగం షాపు బోర్డు గురించి, సగం ఇంటి గురించి. కుదించి చెప్తాను.

వాళ్ళది స్టీలు సామాన్ల షాపు, మామగారు 1986లో పెట్టారు. అప్పుడు ఆర్టిస్టు చేత రేకు మీద రాయించిన బోర్డు ఇరవై ఏళ్ళ పైన ఉంది, మధ్యలో రెండుసార్లు రంగు వేయించారంట. తర్వాత ఆవిడ పెద్ద వదిన గారి భర్త ఫ్లెక్సీ ప్రింటింగ్ పెట్టుకున్నారు, ఇంట్లో మనిషే ఉన్నాడు కదా అని రేకు బోర్డు మేడ మీదకెక్కించి ఫ్లెక్సీ కట్టారు. ఆయన ప్రింటుకి డబ్బులు తీసుకోరు, బిగించే కుర్రాళ్ళకి, ఆటోకి ఇస్తే చాలు. షాపు పడమర ముఖం. దసరాకి కట్టిన ఎరుపు ఉగాది నాటికి గులాబీ అయిపోతుంది, ఎండాకాలం దాటేసరికి చదవడానికి కూడా ఉండదు. ఆరేళ్ళలో ఐదు ఫ్లెక్సీలు. పోయిన వానాకాలం ఒక మూల ఊడి రాత్రంతా గాలికి కొట్టుకుని పక్క షాపు వాళ్ళ ట్యూబ్‌లైటు పగిలింది, మాట వచ్చింది.

దాంతో ఈవిడే పూనుకుని 14 అడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు బోర్డుకి మూడు చోట్ల కొటేషన్ తీసుకున్నారు. రేకు మీద కొత్తగా రాయించడానికి 12,000, ఏసీపీ అనే అల్యూమినియం, ప్లాస్టిక్ కలిసిన షీటు మీద లైట్లున్న యాక్రిలిక్ ప్లాస్టిక్ అక్షరాలకి 52,000, స్టీలు అక్షరాలకి 78,000. భర్త ఏమో బావ బాధపడతాడు, ఈ ఏడాదికి ఫ్లెక్సీయే కానిద్దాం అంటున్నారు. మామగారు నా బోర్డు కిందికి దించండి, రంగు వేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటది అంటున్నారు. ఇంటర్ చదివే కొడుక్కి లైట్లు కావాలి. చివర్లో ఇలా రాశారు: "ఏది పెట్టించినా ఎవరో ఒకరు ముఖం మాడ్చుకుంటారు. ఇంత డబ్బు పెట్టాక అది కూడా రెండేళ్ళకి పాడైతే ఇంక ఇంట్లో నా మాటకి విలువుండదు. ఏది ఎక్కువ కాలం ఉంటుందో మీరే చెప్పండి."

అమ్మా, మీ నాలుగు పేజీల్లో నన్ను పట్టుకుంది ఆ చివరి రెండు వాక్యాలే. బోర్డు గురించి అడిగారు గానీ మీ భయం బోర్డు గురించి ఒక్కటే కాదు కదా. అందుకని నేను ఫలానాది పెట్టించుకోండి అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే మీకేం ఉపయోగం ఉండదు, రేపు ఇంట్లో ఎవరైనా ఎందుకిది అంటే మీ నోట్లో సమాధానం ఉండాలి. నేను ఈ పని నేర్చుకుంది విజయవాడ గాంధీనగర్‌లో, సినిమా బ్యానర్లు రాసే మేస్త్రి దగ్గర. గోడల మీద రాశాను, రేకుల మీద రాశాను, ఫ్లెక్సీ మిషన్లు వచ్చి బ్రష్షు పని పడిపోయాక వెల్డింగు, ఏసీపీ పనిలోకొచ్చాను. నేను బిగించిన బోర్డు ఊడి కిందపడటం కూడా చూశాను, దేవుడి దయవల్ల కింద ఎవరూ లేరు. కాబట్టి నాకు తెలిసిందంతా చెప్తా, కొంచెం పొడుగు అవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఫ్లెక్సీ వేసే మీ అన్నయ్య గారి, అదే మీ వదిన గారి భర్త సంగతి. ఆయన పనిలో లోపం ఏమీ లేదని మీ ఇంట్లో అందరికీ తెలియాలి, మీకు కూడా. ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ దారాల వల, దానికి రెండు పక్కలా పీవీసీ పూత. ఆ పీవీసీ మెత్తగా మడతపడటానికి అందులో నూనె లాంటి మందు కలుపుతారు, ఎండకీ వేడికీ అది మెల్లమెల్లగా బయటికి పోయి షీటు అప్పడంలా బిరుసెక్కుద్ది, ఫ్రేము అంచు దగ్గర, మడత దగ్గర చిట్లుద్ది. ఇంకు సంగతి చూస్తే మిషన్లో నాలుగు రంగులే, నీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు. ఎండకి ముందు పోయేవి పసుపు, మెజెంటా. మీరు చూసే ఎరుపు ఆ రెండూ కలిస్తే వచ్చిందే, అందుకే అది అంత త్వరగా గులాబీ అయింది. సెంటర్లో పాత ఫ్లెక్సీల మీద మనుషుల మొహాలు నీలంగా తిరిగిపోవటం మీరు చూసే ఉంటారు, కారణం ఇదే. దానికితోడు మీది పడమర ముఖం, మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా ఎండ తిన్నగా మొహానే కొడుతుంది, రోహిణి కార్తెలో గుంటూరు ఎండ నేను మీకు చెప్పాలా. ఇదే ఫ్లెక్సీ ఉత్తరం ముఖం షాపుకి కట్టి ఉంటే ఇంకో ఏడాది కచ్చితంగా ఉండేది. ఫ్లెక్సీ అనేది పెళ్ళికి, పండక్కి, ఆఫర్లకి పుట్టిన వస్తువు, దాన్ని తెచ్చి షాపు పేరు మోయమన్నాం, అదీ అసలు ఇబ్బంది.

అయినా సరే, మీ ఆయన మాట ప్రకారం ఈ ఏడాదికి ఫ్లెక్సీయే అనుకోండి, అది కూడా ఒక దారే, తప్పు పట్టను. అలాగైతే మందం ఎక్కువున్న షీటు మీద వేయమనండి, ఎరుపు అక్షరాలు మానేసి ముదురు నీలం గానీ నలుపు గానీ తెలుపు మీద వేయమనండి, చుట్టూ నాలుగు పక్కలా లాగి బిగించాలి, రెండు పక్కల తాడు కడితే గాలికి కొట్టుకునే చిరిగిపోద్ది. డబ్బు తక్కువ పోతుంది, ఇంట్లో గొడవ ఉండదు. కానీ ప్రతి ఏడాదీ ఇదే తతంగం, ప్రతి ఏడాదీ నాలుగైదు నెలలు మీ షాపు పేరు వెలిసిపోయి ఉంటుంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలు ఆపేస్తామని ప్రకటించినప్పుడు ఆ పని చేసేవాళ్ళు ఎంత కంగారు పడ్డారో దగ్గర్నుంచి చూశాను, మళ్ళీ ఎప్పుడైనా ఆ మాట రావచ్చు, మీ అన్నయ్య గారు కూడా అది మనసులో పెట్టుకోవటం మంచిది. ఇంకోటి, దించిన ఫ్లెక్సీ ఎప్పుడూ కాల్చొద్దు, పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరికి చాలా చెడ్డది. మిర్చి కల్లాల దగ్గర కాయ మీద కప్పుకోవడానికి, గడ్డివాము మీద కప్పడానికి ఎవరైనా తీసుకెళ్తారు, ఇచ్చేయండి.

ఇక మామయ్య గారి రేకు. పెద్దాయన మాట ముసలాయన చాదస్తం అని కొట్టిపారేయకండి, ఆయన చెప్పింది చాలావరకు నిజం. మంచి గేజు రేకు మీద సింథటిక్ ఎనామిల్‌తో సరిగ్గా రాసిన బోర్డు నాలుగైదేళ్ళు పరువుగా ఉంటుంది, వెలిశాక మళ్ళీ దాని మీదే రాసుకోవచ్చు, ఈ సౌకర్యం మిగతా దేనికీ లేదు. కరెంటు లేదు, అంటించిన అక్షరాలు లేవు. అయితే 12,000కి రాస్తామన్న వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, కొత్త జీఐ రేకు మీద ముందు ఏం కొడతారని. జీఐ మీద ఉండే జింకు పూతకి ఎనామిల్ నేరుగా పట్టదు, పట్టినట్టే కనపడి ఒకటి రెండు వానాకాలాలు అయ్యాక పొరలుపొరలుగా లేచొస్తుంది. దానికి ఎచ్ ప్రైమర్ అని వేరే ఉంది, వాష్ ప్రైమర్ అని కూడా అంటారు, అది పల్చగా కొట్టి ఆరాక మామూలు ప్రైమరు, ఆ పైన రెండు చేతులు ఎనామిల్. తిన్నగా రెడాక్సైడ్ ప్రైమరు కొట్టేస్తాం అమ్మా అన్నాడంటే అతనికి రాయడం వచ్చేమో గానీ రేకు సంగతి తెలియదు. ఇంకో కష్టం ఏంటంటే చేత్తో తెలుగు అక్షరం అందంగా రాసేవాళ్ళు ఇప్పుడు తక్కువైపోయారు, ఉన్నవాళ్ళూ పెద్దవాళ్ళయ్యారు, నిచ్చెన ఎక్కలేరు, కింద పెట్టి రాయించుకుని తర్వాత పైకి ఎక్కించాలి. ఈ మాట రాస్తుంటే నాకు కష్టంగా ఉంది, నాతో పాటు నేర్చుకున్నవాళ్ళలో ఇప్పుడు బ్రష్షు పట్టేవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాత్రి పూట రేకు బోర్డు కనపడాలంటే పైనుంచి ఒక ఫోకస్ లైటు వేయాలి, అది పెద్ద ఖర్చు కాదు, మీ అబ్బాయి కోరిక కూడా సగం తీరుద్ది.

ఏసీపీ, యాక్రిలిక్ అక్షరాలు, ఇదే ఇప్పుడు ఎక్కువ మంది పెట్టిస్తున్నది. ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్. అందరూ 3 మిల్లీమీటర్లా 4 మిల్లీమీటర్లా అని అడుగుతారు, మీరు పైనున్న అల్యూమినియం ఎంత మందం అని అడగండి, మొత్తం మందం ప్లాస్టిక్‌తో కూడా వస్తుంది కదా. చవకవాటిలో పైపొర మరీ కాగితంలా ఉంటుంది, వేలితో నొక్కితే సొట్ట. పావు మిల్లీమీటరు పైపొర ఉన్నది తీసుకోండి. రంగు పూత కూడా రెండు రకాలు, మామూలు పాలిస్టర్ పూత గది లోపలి పనికి, పీవీడీఎఫ్ పూత ఎండకి. పడమర ముఖానికి పీవీడీఎఫ్ తప్ప వేరేది వద్దు, బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. రంగు కూడా మరీ నలుపు వద్దు, నల్లది ఎండకి కాలిపోయి ఎక్కువ సాగుద్ది, లేత రంగు మంచిది. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే బిల్డింగు తగలబడి 72 మంది చనిపోయారు, అక్కడ గోడలకి తొడిగింది ఇలాంటి ప్లాస్టిక్ మధ్యలో ఉన్న షీటే. షాపు బోర్డుకి అంత ప్రమాదం లేకపోయినా వెనకాల కరెంటు తీగలు పెడుతున్నాం కదా, మంటకి తట్టుకునే ఎఫ్ఆర్ రకం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోమంటాను.

యాక్రిలిక్ మంచి సరుకు, ఎండకి త్వరగా పసుపెక్కదు. కానీ యాక్రిలిక్ అని చెప్పి పాలీస్టైరీన్ షీటు వేసేవాళ్ళున్నారు, అది కొత్తలో చూడటానికి ఒకేలా ఉంటుంది, ఎండలో పసుపు తిరిగి పెళుసై ముక్కలవుతుంది. షీటు మీద అంటించి వచ్చే కాగితం మీద కంపెనీ పేరు ఉంటుంది, కట్ చేయకముందే ఆ షీటు చూపించమనండి, కాస్ట్ యాక్రిలిక్, అంటే అచ్చులో పోసి చేసిన రకం అయి ఉండాలి. చూపించడానికి ఇబ్బంది పడేవాడి దగ్గర పని ఇవ్వకండి.

లైట్ల దగ్గర ఎక్కువ మంది మోసపోయేది ఎల్‌ఈడీల్లో కాదు, వాటికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా దగ్గర. బోర్డులో సగం అక్షరాలు ఆరిపోతే నూటికి తొంభై సార్లు డబ్బా గానీ అతుకు గానీ పోయి ఉంటుంది, నేను చూసిందదే. ఆ డబ్బాని బోర్డు వెనకాల ఎండలో కుక్కుతారు, పడమర ఎండకి అక్కడ పొయ్యిలా ఉంటుంది. దాన్ని షాపు లోపల, గాలి తగిలే చోట పెట్టించండి, తీగ నాలుగు అడుగులు ఎక్కువ పడుద్ది అంతే. మీ అక్షరాలకి ఒక వాటు మాడ్యూళ్ళు, అంటే చిన్న ఎల్‌ఈడీ ముక్కలు, 120 పట్టాయనుకోండి, మొత్తం 120 వాట్లు, డబ్బా సరిగ్గా 120ది వేస్తే ఎప్పుడూ నిండా బరువు మోస్తుంది, 150ది వేయించండి. సాయంత్రం అయిదు గంటలు వెలిగితే రోజుకి అర యూనిట్ కంటే కొంచెం ఎక్కువ, నెలకి 18 యూనిట్లు, కరెంటు బిల్లుకి భయపడక్కర్లేదు. మాడ్యూళ్ళు ఐపీ67 అని రాసున్నవి తీసుకోండి, అవి వాన నీళ్ళకి తట్టుకుంటాయి. దీనికి అసలు ధర ఏంటంటే తర్వాత ఎవడో ఒకడు వచ్చి చూడాలి. ఒక్క అక్షరం ఆరిపోతే బోర్డు మొత్తం ఆరిపోయిన దానికన్నా చెడ్డగా కనపడుద్ది, మరి ఆ ఒక్క మాడ్యూల్ కోసం బోర్డు చేసినవాడు రెండో ఏడాది ఫోనెత్తుతాడా? 52,000 ఇచ్చేముందు ఆలోచించాల్సింది ఇదే.

స్టీలు అక్షరాల గురించి మీకు నేను చెప్పడం అంటే తాతకి దగ్గులు నేర్పినట్టే. 202 రకం స్టీలుకి 304 రకానికి తేడా మీ షాపులో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. బోర్డులు చేసేవాళ్ళలో ఎక్కువ మంది 202 వేసి 304 రేటు చెప్తారు, కొత్తలో రెండూ తళతళలాడతాయి, నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202 మీద రెండు మూడేళ్ళకి టీ మరకల్లా తుప్పు చుక్కలు వస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండిటికీ తేడా తెలియదని మీకు తెలిసిందే, మామయ్య గారిని తీసుకెళ్ళి మాలు ఎక్కడ కొన్నాడో బిల్లు చూడమనండి, ఈ విషయంలో ఆయన్ని దాటి ఎవడూ మోసం చేయలేడు. బాపట్ల, సూర్యలంకలో అయితే ఉప్పుగాలికి 316 కావాలి అనేవాణ్ణి, గుంటూరుకి 304 చాలు. బంగారు రంగు కావాలంటే టైటానియం పూత వేసిన షీటు అడగండి, పైన లక్క రంగు కొట్టినది రెండు వేసవులకి పాలిపోద్ది. 304 అక్షరాలు సరిగ్గా బిగిస్తే మీ అబ్బాయికి పెళ్ళయి పిల్లలు పుట్టినా అలాగే ఉంటాయి. కాకపోతే పడమర ఎండలో అద్దంలా మెరిసి మధ్యాహ్నం పూట రోడ్డు మీద నుంచి చదవలేరు, మాట్ ఫినిష్ తీసుకోవాలి, రాత్రికి మళ్ళీ లైటు విడిగా పెట్టుకోవాలి. స్టీలు షాపుకి స్టీలు అక్షరాలు అనేది ఒక అందం, 78,000 మాత్రం చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా, మీ మూడు కొటేషన్లలో ఒక్కదాంట్లో కూడా దీని గురించి ఒక్క ముక్క లేదు. బోర్డు ఎన్నేళ్ళుంటుంది అనేది ముందు కనపడేదాని కంటే వెనకాల కనపడనిది నిర్ణయిస్తుంది. నేను చెప్పానే ఊడిపడిన బోర్డు, దాని ఏసీపీ కొత్తదానిలా ఉంది, అక్షరాలు బాగున్నాయి, ఫ్రేము పైపు లోపల్నుంచి కుళ్ళిపోయింది. ఇనప పైపు కోసిన చివరలు మూయకుండా వదిలేశాం, వాన నీళ్ళు లోపలికెళ్ళి బయటికి రాలేదు. అది నా చేతుల్తో చేసిన తప్పు, అప్పట్నుంచి పైపు చివర మూత పెట్టకుండా బోర్డు ఎక్కించలేదు. జీఐ పైపు వాడమనండి, కానీ వెల్డింగ్ చేసిన ప్రతి చోటా ఆ జింకు కాలిపోయి ఇనుము బయటపడుతుంది, అక్కడ జింకు పెయింటు కొట్టాలి, ఆ అయిదు నిమిషాల పని ఎవరూ చేయరు, దగ్గర నిలబడి చేయించండి. స్క్రూలు స్టీలువి, మామూలు ఇనప స్క్రూ అల్యూమినియంలో పెడితే వానకి స్క్రూ చుట్టూ కొరుక్కుపోయి ఎర్రటి మరక కిందికి కారుద్ది.

14 అడుగుల ఏసీపీ, చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మధ్యాహ్నానికీ షీటు వేడిలో 40 డిగ్రీల తేడా ఉందనుకుంటే దాదాపు 4 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది, యాక్రిలిక్ దానికి దాదాపు మూడింతలు సాగుతుంది. స్క్రూ రంధ్రం సరిగ్గా స్క్రూ అంత ఉంటే ఆ సాగుదలకి చోటు లేక షీటు ఉబ్బుద్ది, యాక్రిలిక్ అయితే రంధ్రం దగ్గర పగులు మొదలవుద్ది. రంధ్రం కొంచెం పెద్దది వేసి వాషరు పెట్టాలి. మామూలుగా షాపుల్లో దొరికే షీటు 8 అడుగులే, కాబట్టి మీ బోర్డుకి మధ్యలో ఒక అతుకు తప్పదు, ఆ అతుకులో సన్న సందు వదిలి బయట పనికి వాడే సిలికాన్ నింపాలి. అడుగున నీళ్ళు కారడానికి రెండు మూడు రంధ్రాలు వదలాలి, పక్కలు మాత్రం మూసేయాలి, లేదంటే పావురాలు గూడు పెడతాయి, ఉడతలు తీగలు కొరుకుతాయి.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకి 100 కిలోమీటర్ల గాలి తిన్నగా కొడితే మీ బోర్డు మీద పడే ఒత్తిడి 200 కేజీల పైనే, అంటే ముగ్గురు మనుషులు ఒకేసారి వేలాడినట్టు. అంత బరువుని ఇటుక గోడలో చెక్క బిరడా కొట్టి ఆపలేం. యాంకర్ బోల్టులు కాంక్రీటు స్లాబుకి గానీ బీముకి గానీ పడాలి, ప్లాస్టరింగులో గానీ పిట్టగోడలో గానీ పడకూడదు. ఇంకోటి, మీ షట్టరు చుట్ట సరిగ్గా బోర్డు వెనకాలే ఉంటుంది. పొద్దున సాయంత్రం షట్టరు లాగినప్పుడల్లా ఆ అదురు బోర్డుకి తగలకుండా ఫ్రేము షట్టరు పెట్టెకి ఆనకుండా బిగించాలి, రేపు షట్టరు స్ప్రింగు పోతే బోర్డు మొత్తం పీకక్కర్లేకుండా కింద ఒక పలక విప్పుకునేలా ఉండాలి. ఇవన్నీ చేయించినా ఖర్చు పెరిగేది కొంచెమే, కానీ 12,000 రేకు బోర్డుకైనా 78,000 స్టీలు అక్షరాలకైనా ఆయుష్షు దీని చేతిలోనే ఉంది.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట, బోర్డులు చేసేవాళ్ళు కూడా దీని గురించి మాట్లాడరు. ఇంగ్లీషు పెద్ద అక్షరం అయితే ఒక్కటే ముక్క, మన అక్షరానికి ఒత్తు విడిగా ఉంటుంది, కొన్ని ఫాంట్లలో తలకట్టు కూడా విడిగా తెగి వస్తుంది. ఒక్కో ఒత్తుని విడిగా అంటించాలి, దానికి విడిగా తీగ లాగాలి, చిన్న ముక్క కాబట్టి ఒక చుక్క జిగురు పెట్టి వదిలేస్తారు, ముందు ఊడేది అదే. ఒక చోట స్టీల్స్ అన్న బోర్డులో ట ఒత్తు ఊడిపోయి సీల్స్ అని మిగిలింది, షాపు సీలు చేశారా అని వచ్చి అడిగినవాళ్ళు కూడా ఉన్నారు, పాపం ఆ పెద్దమనిషి ఎంత బాధపడ్డాడో. మీ బోర్డులో కూడా ఆ మాట ఉంటుంది కదా. ఒత్తులకి కూడా వెనక నుంచి కనీసం రెండు స్క్రూలో పిన్నులో పడాలని ముందే చెప్పండి, ఉత్త జిగురు, టేపు మీద ఆధారపడొద్దు. ఫాంటు లావుగా, ఒత్తులు పెద్దగా ఉన్నది ఎంచుకోండి, సన్న గీతలున్న దాంట్లో లైటు కూడా పట్టదు. షాపు పేరు తెలుగులో ఉండాలని షాపుల చట్టం రూల్స్‌లో కూడా ఉంది, ఇంగ్లీషు పెట్టుకుంటే పెట్టుకోండి, తెలుగే పైన, పెద్దగా.

ఇంటి సంగతి. మీ అన్నయ్య గారు ఊరికే చేస్తున్నారు, మీరు కాదనలేకపోతున్నారు. ఊరికే వచ్చిన పనితో ఉన్న కష్టం అదే, బాగాలేకపోతే బాగాలేదని అనలేం, ఆలస్యమైతే ఎందుకని అడగలేం. నా అనుమానం ఏంటంటే ఆయనకీ ఇది భారమే అయి ఉండొచ్చు, ఏడాదికోసారి బావమరిది షాపుకి కట్టి ఇవ్వకపోతే ఏమనుకుంటారో అని ఆయన చేస్తుంటే, వద్దంటే ఏమనుకుంటారో అని మీరు కట్టించుకుంటున్నారేమో. ఫ్లెక్సీ ప్రింటింగ్ ఉన్నవాళ్ళలో చాలామంది ఏసీపీ పని కూడా బయట చేయించి ఇస్తారు. మీ ఆయన చేత అడిగించండి, బావా, ఈసారి గట్టి బోర్డు పెట్టిద్దాం అనుకుంటున్నాం, నువ్వు దగ్గరుండి చేయించు, బిల్లు మాత్రం మామూలు గిరాకీకి వేసినట్టే వెయ్యి అని. ఒప్పుకుంటే సరుకు తెలిసిన మనిషి మీ తరఫున నిలబడతాడు, రెండో ఏడాది లైటు పోతే ఫోనెత్తే మనిషి కూడా దొరికినట్టే. కాకపోతే పని తేడా వస్తే అది బంధుత్వం మీదకి వస్తుంది, అందుకని సరుకు వివరాలు ముందే కాగితం మీద రాసుకోండి, నమ్మకం లేక కాదు, తర్వాత మాట రాకుండా ఉండటానికి. ఆయన నా వల్ల కాదమ్మా, బయట చేయించుకోండి అంటే ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది, మీ ఆయనకి కూడా మనసు తేలిక పడుద్ది. ఆషాఢం సేలు, దీపావళి ఆఫర్లు, షట్టరు పక్కన కట్టే చిన్న ఫ్లెక్సీలు ఎలాగూ ఆయన దగ్గరే వేయిస్తారు, వాటికి కూడా డబ్బులివ్వండి.

డబ్బు దగ్గర మీకింకో దారి కూడా ఉంది, అంతా ఒకేసారి పెట్టక్కర్లేదు. ఫ్రేము, ఏసీపీ ఈ ఏడాది గట్టిగా చేయించి దాని మీద అక్షరాలు మంచి రకం కాస్ట్ వినైల్ స్టిక్కరుతో కట్ చేసి అంటించుకోవచ్చు, ఆ పని మీ అన్నయ్య గారి దగ్గరే అయిపోద్ది. వినైల్ పడమర ఎండకి నాలుగైదేళ్ళు రావచ్చు. తర్వాత చెయ్యి ఆడినప్పుడు అదే పలక మీద స్టీలు అక్షరాలో లైట్లవో ఎక్కించుకోండి, ఫ్రేము మారదు. మీ అబ్బాయి మాత్రం కొన్నాళ్ళు ఫోకస్ లైటుతో సర్దుకోవాలి. అదే నా ఇల్లయితే ఇలాగే చేసేవాణ్ణి, కానీ మీ షాపు ముందు రాత్రి పూట వెలుతురు ఎంత ఉంటుంది, చుట్టుపక్కల షాపులన్నీ వెలుగుతుంటే మీదొక్కటే చీకటిగా కనపడుతుందా అనేది మీరే చూసుకోవాలి, రాత్రి ఎనిమిదింటికి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి చూస్తే తెలిసిపోద్ది.

మామయ్య గారి పాత బోర్డుకి మాత్రం రంగు వేయించొద్దని నా మనవి. దాని మీద మళ్ళీ రాస్తే మొదట రాసిన ఆర్టిస్టు చెయ్యి పోయి కొత్తవాడి చెయ్యి మిగులుద్ది. మేడ మీద నుంచి దించి సబ్బునీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి కడగండి, వెనక తుప్పుంటే గీకి ప్రైమరు కొట్టండి, ముందువైపు ఒక్క చెయ్యి క్లియర్ వార్నిష్ వేసి షాపు లోపల గల్లాపెట్టె వెనక గోడకి తగిలించండి. ఎండా వానా లేని చోట అది ఎన్నేళ్ళైనా ఉంటుంది, వచ్చిన ప్రతి పాత గిరాకీకి ఆయన దాని గురించి చెప్పుకుంటారు. కొత్త బోర్డులో అక్షరాల వరస ఆ పాతదాని లాగే ఉండాలని అడిగితే ఆయన కాదనరనే అనుకుంటున్నాను.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి, వానల్లో పెయింటూ సిలికానూ సరిగ్గా ఆరవు. కటింగ్‌కి ఇచ్చే ముందు అక్షరాలన్నీ అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించండి, అది మీ అన్నయ్య గారి మిషన్ మీద పది నిమిషాల పని. ఆ కాగితం షాపులో నేల మీద పరిచి, ఒత్తులు, దీర్ఘాలు అన్నీ ఉన్నాయో లేదో మామయ్య గారి చేత పైకి చదివించి, ఆయన సరే అన్నాకే పంపించండి.